కర్ర లేని లీడర్లు: ఒక ప్రాథమిక బడి ప్రాజెక్టు డైరీ

బడి: ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. పిల్లలు 62 మంది. ఒకటో తరగతిలో 10, రెండులో 12, మూడులో 13, నాలుగులో 14, ఐదులో 13. టీచర్లు ముగ్గురు. పని: జూన్ నుంచి ఏప్రిల్ దాకా పిల్లల చేతికి బడి పనుల బాధ్యత అప్పగించడం, వారానికోసారి బాలసభ (పిల్లలే నడిపే సమావేశం) నడపడం.

జూన్, మూడో వారం

ఇప్పటిదాకా ఉన్నది అన్ని బళ్లలో ఉన్న పద్ధతే. తరగతికో లీడర్. ఎత్తుగా ఉన్నవాడో, మార్కులు బాగా వచ్చే అమ్మాయో. సార్ బయటికి వెళ్లగానే బోర్డు మీద ‘మాట్లాడినవాళ్లు’ అని రాసి, కింద పేర్లు. ఇంకా మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తులు. చేతిలో కర్ర. రబ్బరో బలపమో ఇచ్చినవాడి పేరు చడీచప్పుడు లేకుండా చెరిగిపోతుంది. ఏడాదంతా ఈ పని చేసిన పిల్లవాడు నేర్చేది ఎవరి పేరు రాయాలి, ఎవరిది తుడవాలి అన్న లెక్క ఒక్కటే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. టీచర్ పట్టకూడని కర్రను తొమ్మిదేళ్ల పిల్లవాడి చేత పట్టించడం అడ్డదారి.

అందుకని లీడర్ చేతికి ఇకనుంచి మనుషుల్ని ఇవ్వడం లేదు, పనిని ఇస్తున్నాం. లీడర్ అనే మాట ఉంచాం, దానికి ముందు పని పేరు చేర్చాం: గంట లీడర్, తోట లీడర్, పుస్తకాల లీడర్.

పనుల ఎంపికకు ఐదు షరతులు. రోజూ అవసరమయ్యే పనే కావాలి. పది నిమిషాల్లో అయిపోవాలి. అయిందో లేదో ఎవరికైనా చూడగానే తెలియాలి. దెబ్బ తగిలే ప్రమాదం ఉండకూడదు. ఆ పని చేసే పిల్లకు ఇంకో పిల్లను శిక్షించే అధికారం రాకూడదు. ఈ జల్లెడలో మిగిలినవి పదమూడు: గంట, ప్రార్థన, వార్తలు-మంచి మాట, హాజరు బోర్డు, చేతులు కడిగే నీళ్లు, తాగునీళ్లు, భోజనం వరుస, పళ్లేల లెక్క, పుస్తకాల తాడు, తోట, ఆట సామాను, ఫ్యాన్లు-లైట్లు-కిటికీలు, తోడు. చివరిదాని పని బడికి కొత్తగా వచ్చినవాళ్లను, ఆటలో ఒంటరిగా నిలబడ్డవాళ్లను కలుపుకోవడం.

రాకుండా ఆపిన పనుల జాబితా కూడా బోర్డు పక్కనే అంటించాం. అది పెద్దవాళ్ల కోసం. మరుగుదొడ్లు కడగడం, పొయ్యి దగ్గరికి వెళ్లడం, వేడి సాంబారు గిన్నె మోయడం, ట్యాంకు ఎక్కడం, డబ్బు వసూలు చేయడం, టీచర్ కోసం దుకాణానికి పోవడం, టీచర్ లేని తరగతిని అదుపు చేయడం. స్కావెంజర్ (మరుగుదొడ్లు కడిగే మనిషి) లేని బడిలో మొదటి అంశం మీద ఒత్తిడి తప్పకుండా వస్తుంది. నాయకత్వం పేరు పెట్టి ఆ పని చేయించుకోవడం మొదలైందంటే ప్రాజెక్టు అక్కడితో ఆపేయడం మేలు.

జూన్, నాలుగో వారం

పని బోర్డు తయారైంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ప్లైవుడ్. దాని మీద పదమూడు వరుసలు. ప్రతి వరుసలో పని బొమ్మ, పని పేరు, రెండు మేకులు. పేరు చీటీలు చార్టు ముక్కలవి, ఒక వైపు ఎరుపు, ఒక వైపు ఆకుపచ్చ (పని అయితే ఆకుపచ్చ వైపు), రెండంగుళాలకు నాలుగంగుళాలు, పైన పంచ్ రంధ్రం. రంధ్రం చుట్టూ సెల్లోటేపు వేయకపోతే నెల తిరక్కుండా చిరుగుతుంది. బోర్డు కింది అంచు నేలకు రెండడుగుల ఎత్తులో ఉండాలి. రెండో తరగతి పిల్ల తన చీటీ తానే తగిలించుకోగలగాలి. ఆఫీసు గదిలో పెద్దల కంటి ఎత్తున కట్టిన బోర్డును పిల్లలెవరూ చూడరు.

ఖర్చుకు దారి: సమగ్ర శిక్ష నిబంధనల్లో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏటా 25,000 రూపాయల దాకా కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. అందులో కనీసం పదో వంతు స్వచ్ఛత పనులకు పెట్టాలి. సబ్బులు, సబ్బు కట్టే వలలు, నీళ్ల డబ్బాలు ఆ 2,500లోంచే. బోర్డుకు పాత బెంచీ పలక వాడుకున్నా సరిపోతుంది.

జంటల లెక్క ఇలా ఉంది. రెండు నుంచి ఐదు తరగతుల దాకా 52 మంది. పదమూడు పనులకు ఇద్దరేసి చొప్పున ఒక విడతకు 26 మంది. విడత రెండు వారాలు. అంటే నెలలో ప్రతి ఒక్కరికీ ఒక పని వచ్చి తీరుతుంది. జంటలో ఒకరు నాలుగు, ఐదు తరగతుల నుంచి, ఇంకొకరు రెండు, మూడు నుంచి. పెద్దవాళ్లు 27, చిన్నవాళ్లు 25 కాబట్టి రెండో విడతలో ఒక జంట ఇద్దరూ పెద్దవాళ్లే అవుతారు. ఆ జంటకు తాగునీళ్లు ఇస్తే సరి. ఒకటో తరగతి వాళ్లకు సంక్రాంతి దాకా పని లేదు, చూడటమే పని.

ఎందుకు రెండు వారాలు? వారమైతే పని చేతికి అలవాటు పడేలోపు చేతులు మారిపోతాయి. నెలయితే మూడో వారానికి మొహం మొత్తుతుంది, పైగా ‘ఇది నాది’ అన్న పెత్తనం మొదలవుతుంది.

పనులు ఎవరికి ఏవి అన్నది చీటీలు వేసి తీయడమే. టీచర్ పంచకూడదు. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పల్లెలో చీపురు ఎవరి చేతికి వెళ్తుంది, తాగునీళ్ల బిందె ఎవరు ముట్టుకుంటారు అన్నవి ఉత్త పనులు కావు, వాటి వెనక వాడకట్టు ఉంటుంది, కులం ఉంటుంది. టీచర్‌కు ఏ దురుద్దేశమూ లేకపోయినా చేతి అలవాటుగా చీపురు ఆడపిల్లలకు, గంట మగపిల్లలకు ఇచ్చేస్తారు. చీటీ తీస్తే ఎవరినీ నిలదీసే పని ఉండదు. ‘మా పిల్ల ఆ పని చేయదు’ అని ఇంటి నుంచి ఎవరైనా వస్తే చూపించడానికి డబ్బా ఉంటుంది, చీటీలుంటాయి, కావాలంటే వాళ్ల ముందే మళ్లీ తీయొచ్చు. తాగునీళ్ల పని మాత్రం ఏడాదిలో వీలైనంత ఎక్కువ మంది పిల్లల చేతికి రావాలి. అది చీటీకి వదలకుండా విడిగా పట్టిక పెట్టి చూసుకుంటున్నాం.

జూలై, రెండో వారం

పని కార్డులు రాశాం. ఒక్కో పనికి ఒక కార్డు, అరచేతి కంటే కాస్త పెద్దది, ఒక పక్క బొమ్మలు, ఒక పక్క మాటలు. ‘శుభ్రంగా చూసుకోవాలి’, ‘బాధ్యతగా ఉండాలి’ లాంటివి రాస్తే పిల్లలకు చేయడానికేమీ దొరకదు. చేతులు కడిగే నీళ్ల కార్డు పూర్తి పాఠం ఇది:

‘ఎప్పుడు: భోజనం గంటకు పావుగంట ముందు. ఏం కావాలి: లీటరు మగ్గు, గరాటు. ఏం చేయాలి: రెండు డబ్బాల్లోనూ ఎర్ర గీత దాకా నీళ్లు పోయాలి. వలలో సబ్బు ఉందో లేదో చూడాలి. కాలి కర్ర తొక్కి నీళ్లు వస్తున్నాయో లేదో చూడాలి. అయిందని గుర్తు: పేరు చీటీని ఆకుపచ్చ వైపు తిప్పాలి. సబ్బు లేకపోతే: ఆఫీసు గది అల్మారాలో కింది అర. మేడంకు చెప్పి తీసుకోవాలి. సాయంత్రం: సబ్బు వలలు లోపల పెట్టాలి.’

చివరి వాక్యం కాకుల వల్ల చేరింది. సబ్బును కాకులు ముక్కున కరుచుకుపోతాయి, ఎలుకలూ వదలవు. ఉల్లిగడ్డల వల ముక్కలో వేసి తాడుతో గట్టిగా కడితే పగలు నిలుస్తుంది.

డబ్బాల సంగతి: అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు రెండు, పాతిన రెండు కర్రల మధ్య అడ్డకర్రకు వేలాడతాయి. మూతకు తాడు, తాడు రెండో కొసకు నేల మీద కాలితో తొక్కే కర్ర. తొక్కితే డబ్బా వంగి నీళ్లు పడతాయి, చెయ్యి డబ్బాను తాకదు. రంధ్రం మూతకు నాలుగైదంగుళాల కిందుగా, కాల్చిన సన్న మేకుతో. ఎర్ర గీత రంధ్రానికి కాస్త దిగువన గీశాం, లేకపోతే తొక్కకముందే కారుతుంది. లావు మేకుతో పొడిస్తే పది మంది కడిగేసరికి డబ్బా ఖాళీ. తాడు మరీ పొట్టిగా ఉంటే కర్ర నేల నుంచి లేచి నిలబడుతుంది, చిన్నపిల్లలు తట్టుకుని పడతారు. కర్ర కొస నేలకు జానెడు ఎత్తు మించకూడదు. నింపడానికి బకెట్ వద్దు, మగ్గే. నిండు బకెట్‌ను ఇద్దరు పిల్లలు మోస్తే సగం దారిలో, సగం కాళ్ల మీద. కడిగే సేపు 20 సెకన్లు ఉండాలి. గడియారం బదులు రెండో ఎక్కం తీరిగ్గా ఒకసారి.

పుస్తకాల తాడుకు ఇంకో చిక్కు. ఎనిమిదడుగుల నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు 24, క్లిప్పుకో సన్న పుస్తకం. లావు పుస్తకాలు క్లిప్పుకు ఆగవు, 16 నుంచి 24 పేజీలవే తాడు మీదికి. రిజిస్టర్‌లో పేరు రాయడం రెండో తరగతిలో సగం మందికి కష్టం. అందుకని ప్రతి పిల్లకూ 1 నుంచి 62 దాకా ఒక నంబరు, ప్రతి పుస్తకానికీ ఒక నంబరు. రెండు అంకెలు రాస్తే చాలు, తెచ్చినప్పుడు గీత కొట్టేయడం.

జూలై, నాలుగో వారం

అప్పగింత శనివారం జరగాలి, పాత జంట చేతి మీదుగా. మూడు మెట్లు: ‘నేను చేస్తా చూడు. ఇద్దరం చేద్దాం. నువ్వు చెయ్యి, నేను చూస్తా.’ టీచర్ చెప్తే అరగంట పట్టే గరాటు విద్య నాలుగో తరగతి పిల్ల చెప్తే అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

ప్రార్థన లీడర్లకు ప్రతిజ్ఞ చెప్పించడం అసలు పని. 1962లో ఆ ప్రతిజ్ఞను తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు ఈ జిల్లా అన్నెపర్తి వారే. పిల్లలు దాన్ని ఒక్క ఊపిరిలో మింగేస్తారు. ‘సుసంపన్నమైన, బహువిధమైన’ దగ్గర ఒకటో తరగతి మొత్తం పెదవులు కదిపి ఊరుకుంటుంది. వాక్యాన్ని రెండు మూడు మాటల ముక్కలుగా విరిచి కార్డు మీద గీతలు పెట్టాం. లీడర్ ఒక ముక్క చెప్పి, వెనక వరుస గొంతు వినబడ్డాకే తర్వాతి ముక్కకు వెళ్లాలి. గట్టిగా అరవడం కంటే ఆగడం నేర్పడానికే ఎక్కువ సేపు పడుతుంది.

ఇక టీచర్ల వంతు. వాళ్లు నేర్చుకోవాల్సింది నోరు కట్టుకోవడం. ‘ఏరా, గంట కొట్టలే?’ అని టీచర్ అడగడం మొదలైతే రెండు రోజుల్లో గంట లీడర్ ఆ పిలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెడతాడు. అందుకే పనులను రెండు రకాలు చేశాం. గంట, వార్తలు, పుస్తకాలు, తోట, ఆట సామాను: ఇవి తప్పితే తప్పనివ్వాలి, ఆలస్యం అందరికీ కనబడనివ్వాలి. తాగునీళ్లు, చేతుల నీళ్లు, భోజనం వరుస: ఇవి ఆగకూడదు, టీచర్ వెంటనే చేయి వేసి, సంగతి శనివారం సభలో చెప్పాలి. గంట మోగకపోతే బడి కాసేపు ఎండలో నిలబడుతుంది, అంతే కదా. మర్నాడు ఆ జంటను లేపే పని పక్క జంట చూసుకుంటుంది.

ఆగస్టు, మొదటి రెండు వారాలు

ఎన్నిక. పదమూడు పనుల్లో దేనికీ ఎన్నిక లేదు. ఎన్నిక ఒక్క బాలసభ అధ్యక్షతకే: ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఆరు నెలలకు. ప్రతి ఓటరుకూ రెండు బ్యాలెట్లు, అమ్మాయిలది గులాబీ కాగితం, అబ్బాయిలది తెల్లది. ఒక్కటే పదవి పెడితే ఐదో తరగతి అబ్బాయి గెలవడం దాదాపు ఖాయం. రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లోనూ మహిళలకు సగం స్థానాలున్నాయి, బడిలో అంతకంటే తక్కువ చేయడానికి కారణమేదీ కనబడదు.

నామినేషన్‌కు ముగ్గురు బలపరచాలి. వారిలో ఒకరు ఒకటో రెండో తరగతి నుంచి ఉండాలి. ఈ చిన్న నిబంధన వల్ల పోటీ చేసేవాళ్లు చిన్నపిల్లల దగ్గరికి వెళ్లి మాట్లాడక తప్పలేదు.

గుర్తుల్లో జాగ్రత్త. పిల్లలు అడిగేవి కారు, చెయ్యి, పువ్వు, సైకిల్, ఫ్యాన్. గాలిపటం, గాజు గ్లాసు, చీపురు కూడా పార్టీలవే. అసలు గుర్తు ఒక్కటి బోర్డెక్కినా సాయంత్రానికి ఊరు బడిలోకి వస్తుంది. పలక, బిందె, సీతాకోకచిలుక, దువ్వెన, మామిడిపండు ఇచ్చాం.

బ్యాలెట్: ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే 62 మందికి రంగుకు ఎనిమిది కాగితాలు, చెడిపోయేవాటికి ఇంకో రెండు. పెట్టె: చెప్పుల అట్టపెట్టె, నాలుగంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు చీలిక, మూతకు నాలుగు వైపులా టేపు. ముద్రకు బెండకాయ ముక్క అని మొదటి ఆలోచన, పిల్లలకు చేత వచ్చిన విద్య, పూవులా పడుతుంది. కానీ తడి సిరా కాగితం మడవగానే అవతలి గుర్తు మీద కూడా పడుతుంది. బెండకాయ ముద్ర ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏది వేసిన ఓటో ఏది అంటుకున్న మరకో తేలదు. అసలు బ్యాలెట్ ఎన్నికల్లో ముద్రకు వంకర కొసలుండేది ఇందుకే. అంటుకున్న మరకలో కొసలు అద్దంలోలా ఎదురు తిరుగుతాయి. ఆలుగడ్డ సగాన్ని ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో చెక్కితే అదే పని జరుగుతుంది. గుర్తులన్నీ కాగితం ఎడమ సగంలో నిలువుగా వేసి, కుడి సగం ఖాళీ ఉంచి, నిలువునా మడవమంటే మరక ఖాళీ వైపే పడుతుంది. రెండూ చేయడం మంచిది. వేలికి మార్కర్ చుక్క ఎడమ చూపుడు వేలి మీదే, గోరూ చర్మమూ కలిసేలా.

ఓట్లు లెక్కపెట్టేది పోటీ చేయని నాలుగో తరగతి పిల్లలు, అందరి ముందూ, బోర్డు మీద అయిదేసి గీతల కట్టలుగా. తక్కువ ఓట్లు వచ్చిన వాళ్ల అంకెలు బోర్డు మీద రోజంతా ఉంచకండి. గెలిచినవాళ్ల పేర్లు చదివి తుడిచేయాలి. చాక్లెట్లు పంచడం జరుగుతుంది. ‘తినండి, ఓటు మీ ఇష్టం’ అని అధ్యాపకులు చెప్తే చాలనుకోవద్దు. నామినేషన్ షరతుల్లోనే ‘ఏదీ పంచరాదు’ అని రాయించి, సంతకం పెట్టించి, గోడకు అంటించాలి.

రాజస్థాన్‌లోని తిలోనియా చుట్టుపక్కల రాత్రి బడుల్లో 1993 నుంచి పిల్లల పార్లమెంటు నడిచింది. అక్కడ ఎన్నికైన పిల్లల పని వాళ్ల బడులు ఎలా నడుస్తున్నాయో చూడటం. చేయడానికి పని ఉంది కాబట్టే ఆ ఎన్నికకు అర్థం ఉంది. పని లేని ‘విద్యార్థి ముఖ్యమంత్రి’కి బ్యాడ్జీ పిన్ను తుప్పు పట్టేలోపే ఆసక్తి పోతుంది.

సెప్టెంబర్

బాలసభ శనివారం చివరి పీరియడ్‌లో, 40 నిమిషాలు. అందరూ గుండ్రంగా నేల మీద. టీచర్లు గుండ్రం బయట, వెనక. అధ్యక్షులు చేతికి ఇచ్చిన చెక్క బొమ్మ ఎవరి దగ్గరుంటే వాళ్లే మాట్లాడాలి. బొమ్మ ఒకసారి పెద్దవాళ్లకు వెళ్తే తర్వాత చిన్నవాళ్లకు వెళ్లాలి, ఈ ఒక్క నియమం లేకపోతే ఐదో తరగతే సభ అయిపోతుంది.

సభ పుస్తకంలో మూడు గడులు: ఏం సమస్య, ఎవరు చేస్తారు, ఎప్పటికి. మూడో గడి ఖాళీగా వదలకూడదు. పెద్దవాళ్లు చేయాల్సినవైతే వారంలో జవాబు చెప్పాలి. ‘కాదు’ కూడా జవాబే, కారణం చెప్తే చాలు. ‘చూద్దాం’ అనేది జవాబు కాదు, దాన్ని పుస్తకంలో రాయనివ్వడం లేదు. పిల్లలు అడగడం మానేసేది కాదన్నప్పుడు కాదు, అడిగింది ఏమైందో తెలియనప్పుడు.

ఫిర్యాదుల పెట్టె సంగతి విడిగా చెప్పాలి. దాన్ని సభలో తెరవకూడదు. తాళం హెచ్‌ఎం దగ్గర ఉండాలి, శుక్రవారం ఒక్కరే చదివి వేరు చేయాలి. పంపు కారుతోంది, బంతి పోయింది, వరుసలో తోస్తున్నారు: ఇవి సభకు. ఒక పిల్లను ఎవరైనా కొడుతున్నారనో, తాకరాని చోట తాకుతున్నారనో, ఇంట్లో భయంగా ఉందనో ఉంటే అది సభకు రాకూడదు, తోటి పిల్లల చెవిన పడకూడదు. తాకరాని చోట తాకడం లాంటిదైతే 2012 నాటి పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే) చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు కూడా ఫోన్ చేయొచ్చు. పెట్టె పెట్టి ఈ ఏర్పాటు చేసుకోని బడి పెట్టె పెట్టకపోవడమే నయం. రాయలేని పిల్లలు బొమ్మ గీసి వేస్తారు. ఆ బొమ్మ ఏమిటో పిల్లనే విడిగా అడగాలి, ఊహించుకోకూడదు.

హాజరు బోర్డు ఈ నెల్లో లెక్కల పీరియడ్‌లోకి చొచ్చుకొచ్చింది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. హాజరు లీడర్లు తరగతి తరగతికీ తిరిగి, మొత్తం కూడి, హెచ్చించి బోర్డు మీద రాస్తారు. 57 మంది వస్తే బియ్యం 5 కిలోల 700 గ్రాములు, పప్పు 1 కిలో 140 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 850 గ్రాములు, నూనె 285 గ్రాములు. మొదట్లో సున్నాలు జారిపోతాయి, 5,700 కిలోల బియ్యం బోర్డెక్కుతుంది. గ్రాములనుంచి కిలోలకు మార్చడం పుస్తకంలో కంటే ఇక్కడ తొందరగా వచ్చింది.

దీంట్లో ఒక సున్నితం ఉంది. అంకె బోర్డు మీద పడితే వంటమ్మకు అది తనిఖీలా కనబడుతుంది. బిల్లులు ఆలస్యమైనా అప్పు తెచ్చి వండుతున్న మనిషి ముందు పదేళ్ల పిల్ల కొలత పట్టుకుని నిలబడటం న్యాయం కాదు. అందుకని పిల్లల పని లెక్క చెప్పడం వరకే: ‘అక్కా, ఇయ్యాల యాభై ఏడు మందిమి.’ తూకం, రుచి చూడటం పెద్దల పని. గుడ్డు తక్కువ వచ్చిందన్న మాట కూడా పిల్లల నుంచి హెచ్‌ఎంకు రావాలి, వంటగది గుమ్మం దగ్గర కాదు.

అక్టోబర్, నవంబర్

బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత బోర్డు సగం ఎర్రగా కనబడింది. పత్తి ఏరే రోజులు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చేనుకు పోతారు, లేదా ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటారు. జంటలో పెద్దవాళ్లు లేకపోతే పని ఆగుతుంది. ప్రతి పనికి మూడో మేకు కొట్టి ‘బదులు’ అని పేరు పెట్టాం, ఆ పేరు ముందు విడతలో అదే పని చేసినవాళ్లది. చేనుకు పోయి వచ్చిన పిల్లకు పని తిరిగి దక్కాలి. మానినందుకు పీకేస్తే బడికి రావడానికున్న ఒక కారణం పోతుంది.

తండా నుంచి వచ్చే పిల్లలకు వార్తల పని పడినప్పుడు ఒక మార్పు: ఆ రోజు మంచి మాట ముందు లంబాడీలో, తర్వాత తెలుగులో. చెప్పేది వాళ్లే. తెలుగులో తడబడే పిల్ల తన భాషలో ఎంత గట్టిగా మాట్లాడుతుందో బడి వినాలి.

నవంబర్ 14న స్వయం పరిపాలన దినోత్సవం. చీరలు, కళ్లజోళ్లు, ఒక పిల్లవాడు ఎంఈవో, ఒకమ్మాయి కలెక్టర్, ఫొటో. ఫొటో మానలేదు, అమ్మలు కష్టపడి చీర కడతారు. కానీ పాఠం చెప్పే పనికి ముందే సిద్ధం చేశాం. ఐదో తరగతి పిల్లలు ఇద్దరేసి, ఒకటి రెండు తరగతులకు, 20 నిమిషాలు. కార్డు మీద: ఒక కథ, ఒక ఆట, అయిదు ప్రశ్నలు. బుధవారం రిహార్సల్. రిహార్సల్‌లో టీచర్ వేషం వేయగానే వాళ్ల చెయ్యి మొదట వెతికేది కర్రను. వాళ్లు చూసిన టీచర్ బొమ్మ అదే. ‘కొట్టొద్దు’ అని చెప్పడం కంటే ఒక చేతికి పుస్తకం, ఇంకో చేతికి గుడ్డ బొమ్మ ఇవ్వడం బాగా పనిచేసింది. మూడో చెయ్యి లేదు కదా.

డిసెంబర్

లెక్క చూసే పద్ధతి. ప్రతి పనికీ రోజుకొక గుర్తు, హాజరు లీడర్లే వేస్తారు. తనంతట తాను చేస్తే నిలువు గీత. తోటివాళ్లు గుర్తు చేస్తే చుక్క. టీచర్ చెప్పాల్సి వస్తే సున్నా. వారం చివర చూడాల్సింది సున్నాలు తగ్గుతున్నాయా అన్నదే. గంటకు సున్నాలు తొందరగా పోతాయి, మోగించడంలో సరదా ఉంది. తాగునీళ్లకు, ఆట సామానుకు పోవు. ఆట సామాను తిరిగి తెచ్చేది ఆట అయిపోయాక, అప్పటికి మనసు ఇంటి దారి పట్టి ఉంటుంది. ఆట ఆపే గంట అయిదు నిమిషాలు ముందుకు జరిపి, సామాను లెక్క చూశాకే చివరి గంట అన్నాక మెరుగైంది.

‘ఉత్తమ లీడర్’ బహుమతి పెట్టొద్దు. పెడితే గుర్తులు వేసేవాళ్లు అబద్ధం వేస్తారు, వేయమని ఒత్తిడి వస్తుంది. ‘బాగా చేశావు’ కంటే ‘నిన్న సబ్బు అయిపోతే నువ్వే వచ్చి అడిగావు’ అన్నది పిల్లకు ఉపయోగం.

ఇంటి నుంచి వచ్చే మాట ఒకటుంది: ‘మా పోరడు సదువుకోను వచ్చిండా, నీళ్లు పొయ్యను వచ్చిండా?’ సమాధానం మాటల్లో ఇవ్వడం దండగ. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి బాగోగులు చూసే తల్లుల కమిటీ) వాళ్లను ఒక శనివారం బాలసభకు పిలిచి వెనక కూర్చోబెట్టాలి. బోర్డు మీద టీచర్ల పేర్లు కూడా ఉండాలి. ఇక్కడ వర్షం వచ్చినప్పుడు బెంచీలు జరపడం, సాయంత్రం తాళాలు టీచర్ల పనులు, వాళ్ల చీటీలూ ఎరుపు, ఆకుపచ్చ తిరుగుతాయి.

జనవరి

సంక్రాంతి తర్వాత ఒకటో తరగతి వాళ్లు తోట, పుస్తకాల జంటల్లో మూడో మనిషిగా చేరారు. తోటలో మెంతికూర, తోటకూర మళ్లు. విత్తిన నెల లోపే కోతకొస్తాయి కాబట్టి ఒకే పిల్లకు విత్తడమూ కోయడమూ కనబడేలా తోట విడత ఒక్కటీ నాలుగు వారాలు చేశాం. మడి వెడల్పు మూడడుగులు మించితే పిల్లల చెయ్యి మధ్యకు అందదు, లోపలికి దిగి తొక్కుతారు.

జనవరి 26 గ్రామసభకు ఒక్క విన్నపం. పది విన్నపాలు తీసుకెళ్తే ఒక్కటీ నిలవదు. సభ పుస్తకంలోంచి ఓటేసి ఎంచుకున్నది బడి ముందు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్. ఉత్త విన్నపం కాకుండా అంకెతో వెళ్లాలి. గేటు లోపల నిలబడి, ఉదయం 8:45 నుంచి 9:00 దాకా, వారం రోజులు, ట్రాక్టర్లకు ఒక గడి, బైకులకు ఒకటి, ఆటోలకు ఒకటి, గీతలు. ఒక టీచర్ పక్కనే ఉండాలి, పిల్లలెవరూ గేటు దాటకూడదు. విన్నపం ఒక పేజీ: ఏం కావాలి, ఎందుకు, లెక్క ఇదీ, కింద అధ్యక్షుల సంతకాలు. చదివే పిల్ల గట్టిగా చదవడం కంటే చదివాక ‘ఎప్పటికి చెప్తారు?’ అని అడగడం ముఖ్యం. పంచాయతీ కార్యదర్శి చేత విన్నపం నకలు మీద తేదీతో సంతకం తీసుకున్నారు. ఆ నకలు సభ పుస్తకంలో అంటించి ఉంది, ‘ఎప్పటికి’ గడిలో ‘తర్వాతి సభ’.

మార్చి, ఏప్రిల్

ఐదో తరగతి 13 మంది హైస్కూలుకు పోతారు. వాళ్లతోపాటు గరాటు ఎక్కడుందో, ఏ కిటికీ గొళ్లెం పైకెత్తి తోయాలో అన్నీ పోతాయి. జూన్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే బళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి. అందుకని మార్చి మొదటి నుంచి జంటల్లో ఐదో తరగతి వాళ్లు బదులు మేకు మీదికి మారారు, పని నాలుగో తరగతిది. కార్డులు తిరగరాసేది కూడా పాతవాళ్లే. ప్రతి కార్డు కింద ఒక వాక్యం: ‘ఇక్కడ తప్పు జరుగుతుంది.’ ఆట సామాను కార్డు మీద రాసింది: ‘రింగులు రెండూ చెట్టు మీద పడతాయి, కర్రతో తీయొద్దు, పెద్ద సార్‌ను పిలవాలి.’

అల్మారాలో తాళం వేసి ఉంచినవి: పని కార్డులు 13, పేరు చీటీల డబ్బా, సభ పుస్తకం, క్లిప్పులు 19, స్కిప్పింగ్ తాళ్లు 4, బంతులు 2, టెన్నికాయిట్ రింగు 1. జూన్ 12కు ముందు కొనాల్సినవి: సబ్బులు, ఉల్లిగడ్డ వలలు, అయిదు లీటర్ల డబ్బా ఒకటి (పాతది రంధ్రం దగ్గర పగిలింది), క్లిప్పులు డజను, రింగు ఒకటి. స్పీడ్ బ్రేకర్ సంగతి తర్వాతి గ్రామసభలో అడగాల్సింది ఇప్పటి నాలుగో తరగతి వాళ్లు. నకలు సభ పుస్తకం చివరి పేజీలో ఉంది.